నడకలో పంపు, పరుగులో గోదారి

భద్రాచలం
ఫిబ్రవరి 10, 1988

తమ్ముడు గురవయ్యకు,

క్షేమ సమాచారాలు కాగితం మిగిలితే చివర్లో రాస్తాను. ముందు ఇంజను సంగతి విను. దొరికిందిరా!

కల్లూరులో మిరప తోటల వెంకటప్పయ్య గారు గుర్తున్నారా, మీ బావ స్నేహితుడు? వాళ్ల నాన్నగారి కాలం నాటి అమెరికా కారు ఒకటి పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉంది. వెనక సీట్లో కోడిపెట్ట పొదుగుతోంది. ముందు మూత ఎత్తి చూశాను. ఎనిమిది సిలిండర్లు! తుప్పు కూడా పైపైనే. మీ బావ బతికి ఉంటే అక్కడే గంతులు వేసేవాడు. ఆయన లేడు కాబట్టి ఆ పని నేనే చేశాను. వెంకటప్పయ్య గారు నవ్వి, "కారు కోడికి వదిలేసి ఇంజను నువ్వు తీసుకెళ్లమ్మా" అన్నారు.

ఎందుకింత ఆరాటమో నీకు తెలుసు. పోయిన వానాకాలం కూనవరం దిగువ నుంచి నొప్పులు పడుతున్న మనిషిని మన లాంచీలో ఎక్కించుకున్నాను. ఎదురు ప్రవాహంలో మన లాంచీ నడక ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? పొద్దున బయలుదేరితే భద్రాచలం వారధి కనబడేసరికి సాయంత్రమైంది. వారధి అల్లంత దూరాన ఉండగానే ఆమె నా ఒళ్లో తల పెట్టుకుని ప్రాణం విడిచింది. అప్పటి నుంచి ఆ లాంచీ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఈ వానలు పడేసరికి, అదే దూరం గంటన్నరలో వచ్చే పడవ కావాలి నాకు.

వడ్రంగి తుల్సీరాం పడవ కడుతున్నాడు. తేలిక చెక్క, బల్లపరుపు అడుగు. వేగం అందుకుంటే నీళ్లను కోసుకుంటూ కాదు, నీళ్ల మీదికెక్కి పోతుందట. దవాఖానా డాక్టరమ్మ సుశీలమ్మ గారు మాట ఇచ్చారు. పడవ పనికొస్తే దవాఖానాకే తీసుకుంటామని, నడపటానికి నన్నే పెడతామని.

ఇప్పుడు నీతో పని. ఇంత ఇంజను చల్లబడాలంటే గోదారి నీళ్లే దాని లోపల తిరిగి బయటికి పోవాలి. ఆ నీళ్లు పడవకు ఎక్కడ, ఎలా తీసుకోవాలో రాయి. ఇల్లందు బొగ్గు గనిలో పంపు ఫిట్టరువి, పొద్దున లేస్తే నీళ్లు తోడటమే నీ ఉద్యోగం. వచ్చి చూడమని మాత్రం అడగను. భూమిలో అంత లోతుకు దిగే మొనగాడివి పడవ ఎక్కవని ఊరంతా తెలుసు. చిన్నప్పుడు గోదాట్లో పడితే జుట్టు పట్టి లాగింది నేనే కదా.

మరదలు బతుకమ్మను అడిగానని చెప్పు. కాగితం అయిపోయింది.

అక్క
సమ్మక్క


ఇల్లందు
ఫిబ్రవరి 19, 1988

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం పంపు రూములో అందరికీ చదివి వినిపించాను. "గురవయ్యా, మీ అక్క కడ్తున్నది పడవనా, విమానమా?" అని మా ఫోర్‌మన్ అడిగాడు. చదివే ఊపులో జుట్టు సంగతి కూడా చదివేశాను. ఇప్పుడు గనిలో కూడా నా పరువు పోయింది.

నీళ్ల సంగతి పెద్ద విద్యేమీ కాదు. పైపు నోరు పడవ అడుగున సరిగ్గా నడుమ పెట్టించు. మా గనిలో నీళ్లు చేరే గుంటలోకి పైపును ఎప్పుడూ నడిమధ్యనే దించుతాం. అంచుల దగ్గర బురద ఉంటుంది, నడుమ తేట. నోటికి చిల్లుల రేకు జల్లెడ వేయించు. ఇంజను బెల్టు మీద చిన్న పంపు పెట్టించు. అంతే. నీళ్లు వాటి దారిన అవి వస్తాయి, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవలసిందేమీ లేదు.

ఒక్క మాట మాత్రం వింటావా? బావ లాంచీ నెమ్మదిదే గానీ ఇన్నేళ్లు అన్నం పెట్టింది. దాన్ని అమ్మెయ్యకు. నీ తొందర నాకు తెలుసు.

ఇక్కడ అందరం బాగున్నాం. బతుకమ్మ నీకు మొక్కానని చెప్పమంది.

తమ్ముడు
గురవయ్య


భద్రాచలం
మార్చి 21, 1988

పంపుల మహారాజుకు,

నీ సలహా పుణ్యమా అని నిన్న నడి గోదాట్లో ఆవిరి స్నానం చేశాను.

ముందు మంచి మాట. పడవ లేచిందిరా! తుల్సీరాం, హేమ్లా, నేను ఎక్కాం. హేమ్లా అంటే మన లాంచీ సరంగు, ఇసుక మేట ఎక్కడుందో నీటి రంగు చూసి చెప్పే మనిషి. మెల్లగా ఒడ్డు దాటించి ఇంజనుకు పెట్రోలు అందించాను. ముందు ముక్కు లేచింది. తర్వాత పడవంతా లేచింది! గోదారి ఎక్కడో కింద ఉంది, మేం పైన జారిపోతున్నాం. చెవుల్లో గాలి, ముఖం మీద తుంపర, గుండెలో నగారా. తుల్సీరాం తను కట్టిన పడవనే రెండు చేతులా కావలించుకుని, "ఆపమ్మా, జర ఆపు!" అని కేకలు పెట్టాడు. హేమ్లా మాత్రం పళ్లన్నీ బయటపెట్టి, "ఇంకా జల్దీ పోనియ్యి" అన్నాడు. అంత ఆనందం నాకు పెళ్లిలో కూడా లేదు, మీ బావ వినకూడదు గానీ.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. వేడి సూది ఎర్ర గీత దాటింది. మూత సందుల్లోంచి పొగలు. ఇంజను ఆపేశాను. హేమ్లా దూకి అడుగు తడిమి చూశాడు. "జల్లెట్ల చెత్త ఏం లేదు, మంచిగనే ఉన్నది" అన్నాడు. చెత్త అడ్డం పడకపోతే నీళ్లెందుకు రాలేదు? తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు వస్తుంటే నాకు వెలిగింది. పడవ లేచినప్పుడు ముందు భాగమే కాదు, నడుము కూడా నీళ్లను వదిలేస్తుంది. నీ పైపు నోరు నీళ్లు తాగలేదు, గాలి తాగింది, నురుగు తాగింది. మీ గనిలో గుంట కదలదు. నా పడవ కదులుతుంది నాయనా! ఒక్కసారి ఎక్కిన వాడికెవడికైనా ఇది తెలుస్తుంది.

ఇంజను బతికింది. పైమూత కింద ప్యాకింగు కాలిపోతే మార్చాం. మళ్లీ ఆలోచించి రాయి. ఈసారి గుంటను కాదు, పరుగెత్తే గుర్రాన్ని తలచుకో.

అక్క


ఇల్లందు
ఏప్రిల్ 4, 1988

అక్కా,

తప్పు నాదే. ఈ వాక్యం ఇంకోసారి రాయను, బాగా చూసుకో.

పడవ అనేది నీళ్లను వదిలి పైకి లేస్తుందని నాకు తట్టనే లేదు. నీ ఉత్తరం చదివాక నాకు నిలవబుద్ధి కాలేదు. గని నీళ్లు బయటికి ఉరికే కాలువ ఉంది కదా, ఆదివారం అక్కడికి ఒక వంపు పైపు పట్టుకుని వెళ్లాను. పైపు నోరు ఉరికే నీటికి ఎదురుగా పెట్టాను. పంపు లేదు, ఏమీ లేదు, నీళ్లు వాటంతటవే పైపులో పైకెక్కాయి! నోరు అవతలికి తిప్పాను. టక్కున దిగిపోయాయి. మళ్లీ తిప్పాను, మళ్లీ ఎక్కాయి. బతుకమ్మ గట్టు మీద కూర్చుని, "ఏందయ్యా, గిట్ల పిల్లల లెక్క ఆడుతున్నవ్?" అని నవ్వింది. ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే ఆడాను.

కాబట్టి ఇలా చెయ్యి. పైపు నోరు వెనక్కి మార్చు. పడవ ఎంత లేచినా ఆఖర్న నీళ్లను అంటుకుని ఉండే చోటు ఉంటుంది కదా, అక్కడ. కానీ పడవను తోసే పంకాకు వెనక కాదు, ముందే. పంకా చుట్టూ అంతా నురుగే. నోరు ముందుకు చూస్తూ తెరుచుకుని ఉండాలి. నోటికి ముందు అడుగు చెక్క మీద మేకు తల గానీ రేకు అంచు గానీ లేకుండా తుల్సీరాంతో నున్నగా చిత్రిక పట్టించు. చిన్న మెరక ఉన్నా దాని వెనక బుడగలు పుడతాయి, అవన్నీ పైపులోకే వస్తాయి. ఇక పంపుతో పనే లేదు, తీసి పారెయ్. పడవ ఎంత ఉరికితే నీళ్లు అంత వస్తాయి.

ఇంకో సంగతి. కూనవరం దిగువన మా అత్తగారి ఊరు ఉంది కదా. గోదారి నిండుగా ఉన్నప్పుడు అక్కడి నుంచి దవాఖానాకు నీ పడవ నిజంగా గంటన్నరలో వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

గురవయ్య


భద్రాచలం
మే 12, 1988

తమ్ముడూ,

సగం గెలిచాం, సగం తడిశాం!

నోరు వెనక్కి మార్చాం. తుల్సీరాం అడుగంతా అద్దంలా చేశాడు. వెంకటప్పయ్య గారి మందు కొట్టే మిషను మీది పాత ఒత్తిడి మీటరు ఒకటి తెచ్చి పైపుకు బిగించాను. సగం వేగంలో పోతుంటే సూది అయిదు దగ్గర నిలబడింది. ఇంజను చల్లగా ఉంది. పక్క నుంచి బయటికి పోయే నీళ్లు ధారగా చిమ్ముతుంటే ఎంత ముద్దొచ్చిందో! నీ కాలువ ఆట వృథా పోలేదు.

ఆ ధైర్యంతో డాక్టరమ్మను ఎక్కించుకున్నాను. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చారు పాపం. పూర్తి వేగం అందుకున్నాం. సూది పది దాటింది, పదిహేను దాటింది, ఇరవైకి వచ్చింది. ఢాం! రబ్బరు గొట్టం పగిలి గోదారంతా పడవలోకి వచ్చినట్టయింది. అందులో సగం డాక్టరమ్మ మీదే పడింది. నేను గొట్టం చేత్తో అదిమి పట్టుకుంటే ఆవిడ ముఖం తుడుచుకుని, "పడవ పోతది, అది నాకు అర్థమైంది. నేను చీర మార్చుకొని వస్తా, నువ్వు గొట్టం మార్చు" అన్నారు. మనిషంటే అలా ఉండాలి.

ఇంకో చిక్కు. ఒడ్డు దగ్గర మెల్లగా నడిపినప్పుడు సూది లేవనే లేవదు, ఇంజను వేడెక్కిపోతుంది. పంపు పారెయ్యమన్నావు కదా. నీ మాట విని పారెయ్యలేదులే, అటక మీద పెట్టాను.

ఇక అసలు మాట. "ఊరికే అడుగుతున్నాను" అని రాశావు. చిన్నప్పటి నుంచీ నువ్వు ఊరికే ఏదీ అడగవు. గోదారి నిండేది ఆగస్టులో. ఆగస్టులో మీ అత్తగారి ఊళ్లో నీకేం పని? దాచకుండా చెప్పు.

అక్క


ఇల్లందు
జూన్ 3, 1988

అక్కా,

బతుకమ్మకు ఆరో నెల.

పోయినసారి మూడో నెలలోనే అందరికీ చెప్పుకున్నాం. తర్వాత అందరి ముందూ ఏడవవలసి వచ్చింది. అందుకే ఈసారి ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నీకు రాయకుండా ఉండటం నాకు ఎంత కష్టమైందో ఆ దేవుడికి తెలుసు. ఈ ఉత్తరం ఆమెను అడిగే రాస్తున్నాను.

మా అత్త జంపక్క వచ్చి కూర్చుంది. కాన్పు ఇక్కడి దవాఖానాలో అయితే మంచిదని నేను ఎన్ని విధాల చెప్పినా వినలేదు. "తొలి కాన్పు పుట్టింట్ల కాకుంటే రేపు నా బిడ్డ ముఖం నేనెట్ల చూడాలె?" అని ఒకటే మాట. బతుకమ్మకు కూడా తల్లి దగ్గరికి పోవాలనే ఉంది. ఎల్లుండి తీసుకెళ్తోంది. వానలు మొదలైతే వాగులు పొంగి ఆ ఊరికి ఎడ్లబండి కూడా పోదు. ఇక మిగిలేది గోదారి. దాని మీద నీ లాంచీ, లేదంటే నీ పడవ. నీ ఒళ్లో పోయిన మనిషి గురించి రాశావే, ఆ నాలుగు మాటలు నా తలలోంచి పోవటం లేదు. ఈ పడవ నవ్వులాటగా మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు భయంగా ఉంది అక్కా.

జాగ్రత్తగా చదువు. వేగం రెండింతలైతే నీళ్ల ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. సగం వేగంలో అయిదు, పూర్తి వేగంలో ఇరవై, నీ లెక్క సరిగ్గా సరిపోయింది. గొట్టం పగలటం నయం. లోపల ప్యాకింగు పగిలి సిలిండర్లలోకి నీళ్లు పోతే ఇంజను అక్కడికక్కడే చచ్చిపోతుంది. మిరప తోటల్లో మందు కొట్టే మిషనుకు ఒక వాల్వు ఉంటుంది, ఒత్తిడి ఎక్కువైతే తనంత తనే తెరుచుకుని మందును వెనక్కి డ్రమ్ములోకి పంపిస్తుంది. వెంకటప్పయ్య గారిని అడిగి అది తెచ్చి పైపుకు పెట్టు. ఎక్కువైన నీళ్లు ఇంజనులోకి పోకుండా గోదాట్లోకే పోవాలి.

పంపు అటక మీద నుంచి దించు. నడకలో పంపు, పరుగులో గోదారి. రెండూ ఉండాలి.

ఇంకోటి. పడవకు రెండో వైపున కూడా ఒక నోరు పెట్టించు. రెండింటికీ నడుమ ఒక తిప్పుడు వాల్వు. గనిలో ఒక పంపు నడుస్తుంటే పక్కన ఇంకోటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఉండకపోతే మేం ఎవ్వరం కిందికి దిగం.

గురవయ్య


భద్రాచలం
జూలై 8, 1988

ఒరేయ్ తమ్ముడూ,

ఎగిరి గంతేశాను! డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి చెప్పాను, తుల్సీరాంకు చెప్పాను, హేమ్లాకు చెప్పాను. ఒట్టు నీది గానీ నాది కాదు కదా. తర్వాత నీ ఉత్తరం రెండోసారి చదివి కాసేపు ఏడ్చాను. తర్వాత పానా తీసుకుని పడవలో కూర్చున్నాను.

మందు మిషను వాల్వు పెట్టాం. మొదటిసారి అది తెరుచుకోనే లేదు. మిరప చేనులో మందు దూరం చిమ్మాలి కాబట్టి దాని స్ప్రింగు మహా గట్టిది. సూది పద్నాలుగు దాటేసరికి భయపడి వేగం తగ్గించాను. స్ప్రింగు తీసేసి టార్చిలైటు స్ప్రింగు పెట్టాను, అది మరీ మెత్తన, నీళ్లన్నీ బయటికే పోయాయి. ఊళ్లో ఉన్న స్ప్రింగులన్నీ చూశాను. చివరికి పాత స్కూటరు క్లచ్చి స్ప్రింగు సరిపోయింది! నట్టు బిగించి వదిలి, బిగించి వదిలి, పది దగ్గర కుదిర్చాను. ఇప్పుడు నేను ఎంత వేగంగా పోనీ, సూది పది దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. మిగతా నీళ్లు వాల్వులోంచి గోదాట్లోకి తుర్రుమంటాయి. ఆ చప్పుడు వింటుంటే పాటలా ఉంది నాకు.

రెండో నోటి గురించి తుల్సీరాంతో గొడవైంది. "మంచి పడవకు ఎన్ని బొక్కలు పెట్టమంటవమ్మా?" అని అలిగాడు. నాకూ మనసొప్పలేదు. అడుగుకు ఒక బొక్క ఉంటేనే నాకు నిద్ర పట్టదు. అయినా నువ్వు అంత భయపడి అడిగావని పెట్టించాను. దండగ పనే అని ఇప్పటికీ అంటాను.

అన్నిటికన్నా మంచి కబురు ఆఖర్న. నిన్న ఎర్రనీళ్లు వచ్చాయి. ఆ కొత్త నీటి మీదే మీ అత్తగారి ఊరికి పోయి నీ పెళ్లాన్ని చూసి వచ్చాను! గుమ్మడిపండులా ఉంది. వచ్చేటప్పుడు ఎదురు ప్రవాహంలో గంటన్నర కూడా పట్టలేదు. ఒడ్డున జనం చేతులూపారు. డాక్టరమ్మ పడవ మీద "దవాఖానా" అని రాయించమన్నారు.

అక్క


ఇల్లందు
ఆగస్టు 14, 1988

అక్కా,

వానలు ఆగటం లేదు. గనిలోకి నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. పంపు ఫిట్టర్లెవరికీ సెలవు లేదన్నారు. నేను అడిగాను, బతిమాలాను, చివరికి అరిచాను కూడా. మా ఫోర్‌మన్ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పోతే కింద ఉన్నోళ్లను ఎవడు చూస్తడు గురవయ్యా?" అన్నాడు. ఆగిపోయాను.

నువ్వు ఉన్నావన్న ధైర్యం తప్ప నాకు ఇంకోటి లేదు. వేడి సూదిని నమ్ముకోకు. అది చెప్పేసరికి జరగవలసింది జరిగిపోతుంది. ఒత్తిడి సూది ముందే చెబుతుంది. వరదలో నీ కళ్లు నీళ్ల మీదే ఉండాలి, దుంగలు కొట్టుకొస్తుంటాయి. కాబట్టి సూదిని చూడటానికే ఒక మనిషిని కూర్చోబెట్టు. ఇంకేం పని చెప్పకు.

నేను ఇక్కడ ఎవరి కోసమో నీళ్లు తోడుతున్నాను. అక్కడ నా వాళ్లు నీళ్ల మీద ఉన్నారు. జవాబు జల్దీ రాయి.

గురవయ్య


భద్రాచలం
ఆగస్టు 27, 1988

తమ్ముడూ,

ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం! మొన్ననే ఫోనులో కబురు చెప్పించాను గానీ, మీ గని ఆఫీసు గుమాస్తా నీకు ఒక్క ముక్క చెప్పి పెట్టేసి ఉంటాడు. మొత్తం విను.

మొన్న పొద్దున్నే కూనవరం నుంచి దవాఖానాకు ఫోను వచ్చింది. బతుకమ్మకు ముందుగానే నొప్పులు వచ్చాయట, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. హేమ్లా, నేను ఉన్నపళంగా బయలుదేరాం. గోదారి చూడాలిరా, ఒడ్డు ఎక్కడో, నీళ్లు ఎక్కడో తెలియటం లేదు. ప్రవాహం వాలులో పోయాం కాబట్టి ఎప్పుడు చేరామో కూడా తెలియలేదు.

బతుకమ్మను మంచంతో సహా మోసుకొచ్చి పడవ మధ్యలో పడుకోబెట్టారు. జంపక్క పిన్ని పక్కన కూర్చుంది. పంపు మీద మెల్లగా ఒడ్డు వదిలాను. అప్పుడు పిన్ని కొంగు ముడి విప్పి పసుపు గుడ్డ ఒకటి తీసింది. వాళ్లింట్లో నిండు మనిషి గోదారి దాటితే గోదారికి పసుపు గుడ్డ ఇస్తారట. దండం పెట్టుకుని, వెనక పక్క నుంచి నీళ్లలోకి వదిలింది. నేను చూశాను. మంచిదే కదా అనుకున్నాను. నా బుద్ధికి ఏమైందో, కింద ఏముందో గుర్తు రాలేదు!

ముక్కు లేచింది, పడవ లేచింది. హేమ్లా ముందు నిలబడి "కుడికి! దుంగ! ఎడమకి!" అని అరుస్తున్నాడు. నా కళ్లు వాడి చేతి మీదే. సూదిని చూసే మనిషిని పెట్టమన్నావు. ఎవరున్నారు? పిన్నికి ఆ సూది ఏమిటో తెలియదు. నేను ఆ మాటే మరిచిపోయాను.

అంతలో వెనక నుంచి కేక. "వదినా! సూది పడిపోయింది!"

ఎవరనుకున్నావు? నీ పెళ్లాం! నొప్పులతో పళ్లు బిగించుకుని మీటరు వైపే చూస్తూ పడుకుందట. "పది మీద ఉండాలె గదా వదినా, సున్నాకొచ్చింది!" అంది. వేడి సూది ఇంకా కదలను కూడా లేదు. నీ దండగమారి రెండో నోరు గుర్తొచ్చింది. చుక్కాని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వాల్వు తిప్పాను. ఆ కాసేపట్లో నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ ప్రవాహంలో ఇంజను ఆగితే ఏమయ్యేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు బతుకమ్మ అంది, "లేస్తున్నది... అయిదు... ఎనిమిది... అవ్, పదికొచ్చింది!" నేను ఏడుస్తూ నవ్వాను. హేమ్లా వెనక్కి తిరిగి, "ఏందమ్మా, ఏమైంది?" అని అడుగుతున్నాడు. పక్క నుంచి నీళ్లు మళ్లీ ధారగా చిమ్మాయి.

అక్కడి నుంచి దారంతా నీ భార్యే సూది చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు ఆగేది, తగ్గగానే "పది" అనేది. నీకెట్లా తెలుసే ఇదంతా అని అడిగాను. "ఆయన ఇంట్ల అన్నం తినేటప్పుడు గూడ సూదుల ముచ్చటే వదినా" అంది. వారధి కనబడింది. పోయిన ఏడు వారధి చూసి ఏడ్చాను. ఈసారి దాని కింద నుంచి దూసుకుపోయి దవాఖానా రేవులో ఆపాను. డాక్టరమ్మ రేవులోనే నిలబడి ఉన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని తర్వాత అన్నారు.

అన్నీ అయ్యాక హేమ్లా పడవ కిందికి దిగి, మొదటి నోట్లోంచి ఆ పసుపు గుడ్డను లాగి తెచ్చాడు. జంపక్క పిన్ని దాన్ని చూసి చేతులు జోడించింది. "గోదారి వద్దన్నదా అమ్మా?" అని అడిగింది. నాకేం తోచిందో అదే చెప్పాను. "వద్దనలేదు పిన్నీ, పిల్లకు పంపించింది" అన్నాను. ఆ గుడ్డ ఉతికి ఆరేశాను. నీ కూతురు ఇప్పుడు అందులోనే చుట్టుకుని నిద్రపోతోంది. పసుపు ఇంకా పోలేదు.

రెండో నోరు దండగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ వాక్యం నేను కూడా ఇంకోసారి రాయను.

అక్క


ఇల్లందు
సెప్టెంబరు 2, 1988

అక్కా,

నీ ఉత్తరం పంపు రూములో పూర్తిగా చదవలేకపోయాను. "సూది పడిపోయింది" దగ్గర ఆగి కాగితం కింద పెట్టేశాను. మిగతాది మా ఫోర్‌మన్ తీసుకుని చదివాడు. "పదికొచ్చింది" అన్నచోట పంపు రూమంతా కేకలు పెట్టింది. అందరూ నా వీపు మీద కొడుతుంటే నేను పంపు పట్టుకుని నిలబడి ఏడ్చాను. నా జీవితంలో ఇంత సంతోషం లేదు.

వానలు తెరిపిచ్చాయి. సెలవు దొరికింది. శనివారం బస్సుకు భద్రాచలంలో దిగుతాను.

బతుకమ్మ నాలుగు అక్షరాలు రాయించి పంపింది. బిడ్డతో అయిదో నెల వరకు పుట్టింట్లోనే ఉండాలట, ఆదివారం నీ పడవలోనే తిరిగి పోతారట, తోడు నేను రావాలట. వాగులు తగ్గాక బండి మీద వస్తానని జవాబు రాయబోయాను. కలం కదల్లేదు. నొప్పుల్లో ఆ మనిషి సూది చదివింది. నేనేమో బండి కోసం చూస్తానా?

కాబట్టి వస్తాను. పడవ ఎక్కుతాను. సూది దగ్గర నన్ను కూర్చోబెట్టు, ఇంకేం పని చెప్పకు. దారి పొడుగునా సూదినే చూస్తాను, నీళ్ల వైపు చూడను. వాల్వు నట్టు కొంచెం వదులయి ఉంటుంది, పోయే ముందు నేను చూస్తాను, నువ్వు ముట్టుకోకు.

క్షవరం చేయించుకుని బిడ్డను చూడటానికి పొమ్మని ఇక్కడ అందరూ అంటున్నారు. చేయించుకోవటం లేదు. గోదారి మీద ఉన్నంతసేపు, పట్టుకోవడానికి నీకు నా జుట్టు ఉండాలి కదా.

తమ్ముడు
గురవయ్య